దారోగా చెవి

దారోగా చెవి ఎట్లా చిరిగిందో ఉదయగిరిలో అందరికీ తెలుసు. తెలియనిది దారోగాను పెంచుకున్న అల్లావుద్దీన్ ఒక్కడికే.

దారోగా అంటే కుక్క. గోధుమరంగు ఊరకుక్కే గానీ, నడిచేటప్పుడు పోలీసు దారోగాకు మల్లే ఛాతీ ముందు పోయేది, మిగతా కుక్క దాని వెనక పోయేది. అల్లావుద్దీన్ చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చెక్కి మద్రాసు దుకాణాలకు పంపేవాడు. నర్ది కర్ర కోసం దుర్గం కొండెక్కినప్పుడల్లా దారోగా ముందుండి దారి తీసేది. చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజుల్లో ఒకనాడు, కొండ మీద అది పొదల్లోకి దూరి, ఎంత పిలిచినా రాలేదు. మర్నాడు పొద్దున చెవి రెండు పాయలై వేలాడుతుంటే ఇంటికొచ్చింది. జరిగింది అంతే. ఇంత చిన్న సంగతిని ఇంత చిన్నగానే వదిలేయడం అల్లావుద్దీన్‌కు చేతకాదు. మొద్దు కర్రలో గరిటె కనబడినట్టు, ఆయనకు చిరిగిన చెవిలో ఒక నక్క కనబడింది.

బస్టాండు పక్కన ఖాదర్ బాషా టీ అంగడిలో పుట్టింది ఆ నక్క. పుట్టినప్పుడు మామూలు నక్కే. రెండో టీకి తోడేలంత అయింది. శుక్రవారం నమాజు అయ్యేసరికి నోట్లో నురగలు వచ్చి పిచ్చినక్క అయి కూర్చుంది.

"గొడ్డలి ఎత్తినానా, దించలేదు, అది వచ్చి నిలబడింది" అనేవాడు అల్లావుద్దీన్, గ్లాసు పక్కన పెట్టి రెండు చేతులూ ఖాళీ చేసుకుని. "కండ్లు చూస్తే చుట్ట ముట్టించుకోవచ్చు. నాకు కాళ్ళు వణుకుతా ఉండాయి. మా దారోగా నా పక్క చూసి 'సాయిబూ, నువ్వట్ట కూచో' అన్నట్టు ఒకసారి తోక ఊపినాడు. ఇంక చూడప్పా! చెవి ఇచ్చినాడు గానీ గొంతు వదల్లేదు. నక్కను ఈడ్చుకోనిపోయి చరియలో పారేసి, కాళ్ళతో మట్టి కూడా కప్పినాడు."

"చచ్చినదానికి జనాజా నమాజు చదవలేదా మరి?" అని ఖాదర్ బాషా అడిగితే, "చదివేవాడే, వజూ చేసి కాళ్ళు చేతులు కడుక్కునేదానికి నీళ్ళు యాడుండాయి కొండ మీద?" అనేవాడు తడుముకోకుండా.

జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. నిజమా అని ఎవరూ అడగలేదు. టీలో చక్కెర నిజమా అని ఎవరడుగుతారు?

కోస్తాలో ఉప్పెన వచ్చిపోయిన మరుసటి ఎండాకాలంలో, చెవి చిరిగిన కొన్నాళ్ళకు, ఒక పొద్దున, ఆ నక్క బతికి తిరిగొచ్చింది.

అల్లావుద్దీన్ బాడిసె తీసుకుని పని కొట్టంలోకి పోయేసరికి, దారోగా కర్ర పొట్టు మీద కూర్చుని ఉంది. కింది దవడ వేలాడుతోంది. నాలుక పక్కకు జారి, చొంగ తీగలా సాగి నేలకు దిగుతోంది. లేచి రాలేదు. తోక మాత్రం పొట్టులో ఇటూ అటూ కదిలింది.

"ఏందిరా, నోరు మూసుకోవడం మర్చిపోయినావా?" అని నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. నీళ్ళ మూకుడు ముందుకు జరిపాడు. కుక్క ముట్టె ముంచింది, ముంచిన మరుక్షణం వెనక్కి తీసింది. మొరగబోతే గొంతులోంచి గాలి తప్ప మరేమీ రాలేదు.

ఎముక ఇరుక్కుంది అనుకున్నాడు. మూడేళ్ళ కిందట పక్కింటి బక్రీదు ఎముక గొంతులో పడితే ఇట్లాగే లాగాడు. ఇంకేం ఆలోచించకుండా ఎడం చేత్తో ముట్టె పట్టి, కుడిచెయ్యి నోట్లోకి పోనిచ్చాడు. వేళ్ళకు జారుడు తప్ప ఏమీ తగల్లేదు. కుక్క మూలిగి తల విదిలించింది. పన్ను గీసుకుని వేలి కణుపు మీద తోలు లేచింది.

భార్య జైతూన్‌బీ గడపలో నిలబడి చూస్తోంది. కుక్క ఉన్న ఇంట్లోకి దేవదూతలు రారని ఆమె నమ్మకం. అందుకని గడప లోపల దేవదూతలకు, గడప బయట దారోగాకు అని పంచి పెట్టి, ఇన్నేళ్ళుగా రెండు పక్షాలకూ తగవు రాకుండా చూసుకుంటోంది.

"ఏంజీ, రక్తం వస్తా ఉండాది" అంది.

"గీత. గీతలు చూసుకుంటా కూచుంటే కర్ర పని చేసినట్టే."

"నోరు చూడు దానిది. కామమ్మను కరిసిన కుక్క నోరు కూడా ఇట్టనే ఉన్నిందంట."

బట్టలుతికే కామమ్మను పోయినేడు వీధికుక్క కరిచింది. ఆమె పసరు కట్టుకుని ఊరుకుంది. చివరికి చెంబులో నీళ్ళు చూసి కేకలు పెడుతూ పోయింది. ఆ కేకలు విన్న వీధుల్లో ఇదీ ఒకటి.

అల్లావుద్దీన్ కుక్క మెడకు తాడు కట్టి పశువుల ఆసుపత్రికి బయలుదేరాడు. ముందు జనం పక్కకు తప్పుకున్నారు. తరవాత వెనకపడ్డారు. ఖాదర్ బాషా టీ వడపోస్తూ తలెత్తి చూసి, "యా అల్లా, నక్క!" అన్నాడు. ఆ ఒక్క మాటతో బజారంతా కథ గుర్తొచ్చింది. ఆయన చెప్పిందే, ఆయన చేతులు తిప్పి చూపించిందే, నోట్లో నురగలతో సహా. నిన్నటిదాకా నవ్విన మొహాల్లో ఒక్కటి కూడా నవ్వలేదు.

పశువుల డాక్టరు రాజమోహన్ ఒంగోలు వైపు మనిషి. కళ్ళద్దాలు, ఇస్త్రీ చొక్కా. ఎద్దు కన్నా ఎద్దు యజమాని మాటనే ఎక్కువ పరీక్ష చేసే మనిషి. గొడ్డు నోరు తెరిచి చెప్పదు, చెప్పేవాడు సరిగా చెప్పకపోతే మందు తప్పుతుందని ఆయన బాధ. చెవి చిరిగినప్పుడు కుట్లు వేసింది ఆయనే. అప్పుడు అల్లావుద్దీన్ కంచెలో పడిందని చెప్పాడు. నక్క అంటే డాక్టరు ఇంకా ఏవో సూదులంటాడని, కంచె అంటే కుట్లతో పోతుందని.

"ముట్టుకోవద్దు, ఎవరూ దగ్గరికి రావద్దు" అన్నాడు రాజమోహన్, వరండా దిగకుండానే. అటెండరు శీనయ్య ఎద్దుల్ని నిలబెట్టే ఇనప గొట్టాల ట్రెవిసులో దారోగాను రెండు పక్కలా తాళ్ళు లాగి కట్టాడు. ఎద్దు కోసం కట్టిన చట్రంలో కుక్క మరీ చిన్నదిగా కనబడింది.

డాక్టరు దాని చుట్టూ దూరంగా తిరిగి వచ్చాడు. "చెవికి కంచె అని చెప్పావు నాతో. నక్క అని చెప్పావంట ఊరితో. ఇందులో ఏది అబద్ధం?"

"రెండూ సార్."

"రెండూనా?"

"నేను చూళ్ళేదు సార్. కొండ మీద తప్పిపోయింది. పొద్దున వచ్చింది. నక్కను నేను పుట్టించినా."

"నక్క కాదని నీకెట్లా తెలుసు?"

అల్లావుద్దీన్ ఆ చిరిగిన చెవి వైపు చూశాడు. ఇన్ని రోజులుగా ఆ నక్కను పెంచింది తను, దానికి కళ్ళు పెట్టింది తను, చరియలో పారేయించింది తను. నిజంగా ఆ పొదల్లో ఏముందో తనకు తెలియదు. ఏదైనా ఉండొచ్చు. నక్క కూడా ఉండొచ్చు. పిచ్చి నక్క కూడా ఉండొచ్చు. చెప్పిన అబద్ధం వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసినట్టయింది.

"తెలీదు సార్" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లో కొత్త చెప్పులాగా ఇరుగ్గా ఉంది.

"దాని నోట్లో ఎవరైనా చెయ్యి పెట్టారా?"

"లేదు సార్, నేనెందుకు..."

"పెట్టినాడు సార్." కొంగు నిండుగా కప్పుకుని జైతూన్‌బీ జనం వెనక నుంచి ముందుకొచ్చింది. "కుడిచెయ్యి. కణుపు దగ్గర లేచిపోయింది. చూపించు."

రాజమోహన్ మొహంలో రంగు మారింది. అల్లావుద్దీన్ మణికట్టు పట్టుకుని ఆవరణలో ఉన్న బోరింగు దగ్గరికి లాక్కుపోయాడు. శీనయ్యను కొట్టమన్నాడు. తనే సబ్బు తీసుకుని ఆ వేలిని రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దాడు, కడిగాడు, మళ్ళీ రుద్దాడు. శీనయ్య చెయ్యి మార్చి కొట్టాడు. ఇస్త్రీ చొక్కా మోచేతులదాకా తడిసింది.

"సార్, మీరు కడగడమేంది, నేను..."

"నోరు ముయ్యి." రుద్దుతూనే చెప్పాడు. "దవడ అట్లా పడిపోవడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి పిచ్చి. ఒకోసారి అది కరవదు, అరవదు, ఊరికే నోరు వేలాడేసుకుని చచ్చిపోతుంది. రెండోది, లోపల ఏదైనా ఇరుక్కోవడం. నోట్లోకి చూస్తే గానీ తేలదు. నా చెయ్యి పెట్టను. ఇంక నీ చెయ్యి పెట్టనివ్వను. పిచ్చిదైతే పది రోజుల్లో అదే చస్తుంది. కుక్క బతికుంటేనే నీ సంగతి నాకు తెలిసేది. అర్థమైందా?"

అర్థమైంది. ఇప్పటిదాకా కుక్క ప్రాణం గురించి వచ్చాననుకున్నాడు. తన ప్రాణం కూడా అదే తాడుకు కట్టి ఉంది.

అప్పుడే గేటు దగ్గర జీపు ఆగింది.

చెంచురామయ్య దిగాడు. ఊరికి పెద్ద రైతు, పెసిడెంటు. భుజాన రెండు గొట్టాల తుపాకీ. చెడ్డవాడేమీ కాడు. కామమ్మ పోయినప్పుడు శవం దగ్గర నిలబడి ఏడ్చింది ఆయనే. ఆ ఏడుపే ఇప్పుడు తుపాకీ అయి వచ్చింది.

"తప్పుకో డాక్టరూ. ఊళ్ళో పిల్లోళ్ళుండారు."

"అయ్యా, అది పిచ్చో కాదో ఇంకా తెలీదు."

"నక్కతో కొట్లాడింది గదా!"

"నక్క లేదయ్యా!" అల్లావుద్దీన్ తడిచేతులు జోడించాడు. "నేను కల్పించినా. ఖాదర్ బాషాను అడగండి, నేను చెప్పేవన్నీ..."

"నిన్నటిదాకా నక్క ఉన్నింది, కుక్కకు కష్టం రాంగానే లేకుండా పోయిందా? నీ మాట ఏ పూట నమ్మాల్రా సాయిబూ?"

జనంలో ఎవరో "అదీ మాటంటే" అన్నారు.

"చూడండి" అన్నాడు రాజమోహన్ నెమ్మదిగా. "ఈయన వేలికి గాయమైంది. కుక్కను చంపేస్తే ఈయనకు ప్రమాదం ఉందో లేదో తేలదు. కట్టి పెడదాం. కట్టిన కుక్క ఎవర్ని కరుస్తుంది?"

"తాడు తెంపుకుంటే? ఒకడి వేలు కోసం ఊరిని పణం పెట్టమంటావా?" చెంచురామయ్య గుళ్ళు ఎక్కించాడు. ఆ టిక్కుమన్న చప్పుడుకు దారోగా తల తిప్పి, చిరిగిన చెవి నిక్కించింది.

నిజం చెప్పి చూశాడు రాజమోహన్. నిజం పనిచెయ్యలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి, తడి చొక్కాతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"సరే, కాల్చండి" అన్నాడు. "శీనయ్యా, గేటు మూసెయ్. ఒక్కరు కూడా బయటికి పోకూడదు."

"ఎందుకు?" అన్నాడు చెంచురామయ్య.

"సీసం వేడికి మెదడు ఆవిరైపోతుంది కదండీ. మందుపొగలో కలిసి గాల్లోకి లేస్తుంది. అది పీల్చినవాళ్ళందరికీ బొడ్డు చుట్టూ సూదులు పడాలి. గాలి తూర్పుకుంది, బస్టాండు దాకా పోతుంది. తుపాకీ పట్టుకున్నవాళ్ళకైతే ఆ సూదుల మీద ఇంకొన్ని. మీరు కాల్చండి, పర్లేదు. నేను నెల్లూరుకు ఫోను చేస్తాను."

ముందు వరసలో ఉన్నవాళ్ళు రెండో వరస అయిపోయారు. రెండో వరస గేటుకు ఆనుకుంది.

ఆ ఆవరణలో ఆ మాట అబద్ధమని కనిపెట్టింది ఒక్క అల్లావుద్దీన్. పనివాడికి పని తెలుస్తుంది. డాక్టరు చిన్నగా మొదలుపెట్టాడు, అవసరం లేని గాలిని తెచ్చి అతికించాడు, 'పర్లేదు కాల్చండి' అని చివర నునుపు పట్టించాడు. ఉప్పుకాగితం రుద్దిన గరిటెలాగా ఉంది అబద్ధం. అల్లావుద్దీన్ నాలుక దురద పెట్టింది. సీతారామపురంలో మా చిన్నాయన ఇట్టనే పొగ పీల్చి, పెళ్ళి ఊరేగింపులో మొరిగినాడని ఒక్క మాట వేస్తే ఎట్లా ఉంటుంది! నోరు తెరవబోయాడు. డాక్టరు తన వంక చూశాడు. కళ్ళద్దాల వెనక ఆ కళ్ళల్లో ప్రాధేయపడుతున్నట్టు ఏదో ఉంది. తను ఒక్క ముక్క కలిపితే చాలు, అది అల్లావుద్దీన్ కథ అయిపోతుంది, ఎవరూ నమ్మరు.

పళ్ళు బిగించి ఊరుకున్నాడు. అంత బరువు ఆయన ఏ కొండ మీది నుంచీ మోయలేదు.

చెంచురామయ్య తుపాకీ కిందికి దించాడు. "పొద్దు గుంకేదాకా చూస్తా. ఆ లోపల తేల్చు. లేకపోతే ఊరి బయటికి ఈడ్చుకోనిపోయి, గాలి చూసుకోని కాలుస్తా." వేపచెట్టు నీడలో కుర్చీ వేయించుకుని, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

రాజమోహన్ నేల మీద పుల్లతో గీశాడు. నోరు తెరిచి పట్టే చెక్క. మధ్యలో చూడటానికి కన్నం. పళ్ళు ఆనడానికి పైనా కిందా గాడులు. "ఎద్దులకు ఇనపది ఉంది, కుక్కకు లేదు. చేతులు దూరంగా ఉండాలి. ఎట్లా చేస్తావో నాకు తెలీదు."

"కాడ పెడతా సార్, రెండు పక్కలా. గరిటెకు పెట్టినట్టు."

జైతూన్‌బీ పనిముట్లు తెచ్చింది. నర్ది ముక్కను కాళ్ళ మధ్య నొక్కిపట్టి అల్లావుద్దీన్ బాడిసె ఆడించాడు. వేలికి కట్టిన గుడ్డ జారుతోంది. ఎప్పుడూ పని చేస్తూ కబుర్లు చెప్పే మనిషి దగ్గర ఆ పూట బాడిసె చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. కన్నం తొలిచాడు. గాడులు కోసి, పదును తగిలి చిగురు తెగకుండా అంచులు గుండ్రం చేశాడు. ఉప్పుకాగితం పట్టబోతే శీనయ్య, "చాల్లే సాయిబూ, మద్రాసుకు పంపేదా?" అన్నాడు. చెట్టు నీడ జరిగినప్పుడల్లా చెంచురామయ్య కుర్చీ జరుపుకుంటున్నాడు. కుర్చీ ట్రెవిసుకు దగ్గరవుతోంది.

"నూనె రాయాల. నోట్లో పెట్టేదానికి నూనె రాయకుండా ఇచ్చింది లేదు" అన్నాడు అల్లావుద్దీన్.

జైతూన్‌బీ నువ్వుల నూనె రాసి, తన కొంగుతోనే తుడిచి ఇచ్చింది.

శీనయ్య తల తాడు బిగించాడు. అల్లావుద్దీన్ కాడలు పట్టుకుని చెక్కను ముందుకు తీసుకుపోయాడు. దారోగా దాన్ని చూసింది, ఆయన్ని చూసింది. "ఇంద నాయనా" అన్నాడు. చెక్క కోరపళ్ళ వెనకకు జారి కూర్చుంది. రాజమోహన్ టార్చి వెలిగించి, మోకాళ్ళ మీద కూర్చుని, కన్నంలోకి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"ఏమైనా ఉండాదా సార్?"

డాక్టరు పొడుగు పటకారు కోసం చెయ్యి వెనక్కి చాపాడు. లోపలికి పోనిచ్చాడు. ఒకసారి జారింది. కుక్క కాళ్ళు నేలను గీకాయి. మళ్ళీ పట్టాడు, మెలిపెట్టాడు. చిన్న చప్పుడైంది.

పటకారు చివర వేలెడు పుల్ల. నునుపుగా, కొన తేలి, నూనె నిగనిగలాడుతూ ఉంది. అంగిలికి అడ్డంగా, ఈ దవడపన్నుకూ ఆ దవడపన్నుకూ మధ్య దూలంలాగా బిగుసుకుని ఉందట.

"ఫోర్కు ముల్లు" అంది జైతూన్‌బీ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "నేను నూనె రాసి ఎండకు పెట్టిందే."

చెక్క తియ్యగానే దారోగా రెండుసార్లు నోరు మూసి తెరిచి, మూతి నాక్కుంది. శీనయ్య బోరింగు కింది బకెట్టు తెచ్చి ముందు పెట్టాడు. కామమ్మ కేకలు అందరి చెవుల్లోనూ ఉన్నాయి. కుక్క ముట్టె ముంచింది.

లప్, లప్, లప్. బకెట్టు సగమయ్యేదాకా ఆ చప్పుడు తప్ప ఏమీ లేదు.

చెంచురామయ్య తుపాకీలోంచి గుళ్ళు తీసి జేబులో వేసుకున్నాడు.

"అయిపోలేదు" అన్నాడు రాజమోహన్, గట్టిగా, అందరికీ వినిపించేటట్టు. "చెవి ఎట్లా చిరిగిందో తెలీదు. తెలీదు కాబట్టి పది రోజులు ఇక్కడే కట్టి ఉండాలి, నేను రోజూ చూస్తాను." అల్లావుద్దీన్ వైపు తిరిగాడు. "నువ్వు రేపు ఆత్మకూరు పో. నేను గొడ్ల డాక్టర్ని. నీ వేలి సంగతి మనుషుల డాక్టరు చెప్పాలి. ఏం జరిగిందని అడుగుతారు. జరిగింది జరిగినట్టు చెప్పు. చెప్పగలవా?"

"కష్టమే సార్. చూస్తా."

ఆత్మకూరు డాక్టరు అంతా విని, కుక్క మీద కన్నేసి ఉంచమన్నాడు, అది తేడాగా కనబడితే ఆ పూటే నెల్లూరు బస్సెక్కమన్నాడు. ఆ రోజుల్లో అల్లావుద్దీన్ పని సామాను ఆసుపత్రి వరండాలోకి మార్చాడు. దారోగా దగ్గితే బాడిసె ఆగేది. ఒకసారి నీళ్ళు ముట్టకుండా మొహం తిప్పుకుంటే ఆయన బకెట్టు పక్కనే కూలబడ్డాడు. ముందే కడుపు నిండా తాగిందని శీనయ్య చెప్పేదాకా లేవలేదు. రాజమోహన్ వచ్చేవాడు, కుక్కను చూసేవాడు, తరవాత వేలును చూసేవాడు. గడువు తీరిన పొద్దున డాక్టరే తాడు విప్పాడు.

ఆ సాయంత్రం టీ అంగడి నిండిపోయింది. దారోగా బెంచీ కింద పడుకుంది. రాజమోహన్ సైకిలు ఆపి, ఒక టీ చెప్పాడు. ఎవరూ మొదలుపెట్టకముందే చెంచురామయ్య వచ్చాడు.

"డాక్టరూ, మా బావమరిది కావల్లో మందుల షాపు పెట్టుకోని ఉండాడు. పొగతో పిచ్చి రావడమేంది, నీకు ఎవరో టోపీ పెట్టినారు అంటా ఉండాడు. నలుగురిలో నన్ను ఎర్రోణ్ణి చేసినావా?"

రాజమోహన్ గ్లాసు పెదవుల దగ్గరే ఆగింది. ఇంకో అబద్ధం ఆయన దగ్గర లేదు. ఉన్న ఒక్కటీ ఖర్చయిపోయింది.

చెంచురామయ్య అల్లావుద్దీన్ వైపు తిరిగాడు. "ఆ పొద్దు నువ్వు పక్కనే ఉండావు. నువ్వు చెప్పు సాయిబూ. ఆ పొగ మాట నిజమేనా?"

ఖాదర్ బాషా వినడానికని స్టవ్ తగ్గించాడు. అందరూ ముందుకు వంగారు. అల్లావుద్దీన్ గ్లాసు పక్కన పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడు. సీతారామపురం చిన్నాయన నాలుక చివరికి వచ్చి నిలబడ్డాడు, పెళ్ళి ఊరేగింపుతో సహా, మేళగాళ్ళతో సహా. ఆయన ఒకసారి తన వేలి కణుపును చూసుకున్నాడు. మచ్చ కూడా మిగల్లేదు.

"నిజమే" అన్నాడు.

జనం ఎదురుచూశారు. ఆయన గ్లాసు తీసుకుని టీ తాగాడు. ఇంకేమీ రాలేదు. అల్లావుద్దీన్ నోట్లోంచి ఒంటిగా ఒక్క మాట రావడం ఉదయగిరి ఎన్నడూ ఎరగదు.

చెంచురామయ్య నెమ్మదిగా బెంచీ మీద కూర్చున్నాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"అయితే ఆ పొద్దు నాకు పెద్ద గండమే తప్పిందన్నమాట" అన్నాడు. "ఖాదరూ, అందరికీ టీ పొయ్యి."